బటూమి తోటలో ఉత్తర అమెరికా విభాగం: బండెక్కి కాదు, చేత్తో తాకి చూడాల్సిన అడవి

ఎలక్ట్రిక్ బండెక్కి గంటలో తోటంతా చుట్టేసి వచ్చేవాళ్లకు బటూమి బొటానికల్ గార్డెన్‌లోని ఉత్తర అమెరికా విభాగం పెద్దగా ఏమీ అనిపించదు. పొడుగాటి చెట్లు, చిక్కటి నీడ, మధ్యమధ్య కొమ్మల సందుల్లోంచి నల్ల సముద్రం. అంతకుమించి గుర్తుండదు. అదే విభాగంలో రెండు గంటలు నడిచి, ఆకు వెనక్కి తిప్పి, బెరడు వేలితో నొక్కి, కింద పడిన కాయ చేతిలోకి తీసుకుని చూస్తే ఈ తోటలో ఇంతకన్నా విలువైన చోటు లేదనిపిస్తుంది. కాబట్టి ముందే చెబుతున్నాం: తోటకి అర పూటే ఉంటే మిగతా విభాగాలు పైపైన చూసినా ఫర్వాలేదు, దీన్ని మాత్రం నడిచే చూడండి.

జార్జియా దేశంలో బటూమి నగరానికి ఉత్తరంగా సుమారు 9 కిలోమీటర్ల దూరాన, గ్రీన్ కేప్ అని పిలిచే కొండకొన మీద ఉంటుంది ఈ తోట. సముద్ర మట్టం దగ్గర మొదలై 220 మీటర్ల ఎత్తు దాకా పాకుతుంది. విస్తీర్ణం నూరు హెక్టార్లు దాటుతుంది. ఆంద్రేయ్ క్రాస్నోవ్ అనే వృక్ష, భూగోళ శాస్త్రవేత్త దీనికి రూపకల్పన చేశాడు. 1912లో తోట మొదలైంది, 1914లో ఆయన పోయాడు. సమాధి కూడా ఈ తోటలోనే ఉంది. మామూలుగా తోటల్లో మల్లె కుటుంబం ఒక మడి, గులాబీ కుటుంబం ఒక మడి అన్నట్టు కుటుంబాలవారీగా నాటుతారు. క్రాస్నోవ్ అలా కాకుండా ప్రాంతాలవారీగా నాటించాడు. హిమాలయాలకు ఒక భాగం, తూర్పు ఆసియాకు ఒకటి, ఆస్ట్రేలియాకు, న్యూజీలాండ్‌కు, మెక్సికోకు, మధ్యధరా తీరానికి, ఉత్తర అమెరికాకు ఇలా మొత్తం తొమ్మిది. ఒక చెట్టు తన సొంతూళ్లో ఎవరి పక్కన పెరుగుతుందో ఇక్కడా వాళ్ల పక్కనే ఉండాలన్నది ఆయన ఆలోచన. ఈ అమరిక తెలిసి నడిస్తే చూసేదంతా వేరుగా కనిపిస్తుంది.

అమెరికా చెట్లకు ఇక్కడే ఇంత బాగా ఎందుకు కుదిరింది? అక్షాంశం చూస్తే బటూమి దాదాపు షికాగోతో సమానం. కానీ షికాగోలో చలికాలం గడ్డకట్టించేస్తుంది, ఇక్కడ మంచు పడినా నాలుగు రోజులు నిలవడం గగనం. ఉత్తరం నుంచి వచ్చే చలిగాలిని కాకసస్ పర్వతాలు అడ్డుకుంటాయి. ఎదురుగా ఉన్న సముద్రం చలికాలమంతా వెచ్చదనం వదులుతూ ఉంటుంది. ఆ సముద్రపు తేమ నిటారు కొండలకు తగిలి వానగా దిగుతుంది. ఏడాదికి దాదాపు 2500 మిల్లీమీటర్లు, అంటే హైదరాబాద్‌లో మూడేళ్లకు పడే వాన ఇక్కడ ఒక్క ఏడాదిలో పడుతుంది. నేల ఎర్రటి ఆమ్ల నేల. ఈ లక్షణాలన్నీ కలిపితే అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల వాతావరణానికి దగ్గరి చుట్టం అవుతుంది. జార్జియా రాష్ట్రపు చెట్లు జార్జియా దేశంలో పచ్చగా ఉండడం పేర్ల కలయిక వల్ల కాదు, ఈ వానా ఈ నేలా కుదిరినందువల్ల.

ముందుగా రెడ్‌వుడ్. శాస్త్రీయ నామం సెక్వోయా సెంపర్‌వైరెన్స్. కాలిఫోర్నియా తీరంలో 115 మీటర్లు దాటి పెరిగిన మాను ఉంది, ప్రపంచంలో అంతకన్నా పొడుగు చెట్టు లేదు. ఇక్కడివి వయసులో చిన్నవి. తోటకే నూరేళ్ల పైచిలుకు వయసు, ఈ జాతి రెండు వేల ఏళ్లు బతకగలదు. అంటే మనం చూస్తున్నది పసివయసు. ఆ లెక్కన చూస్తే మాను లావు ఆశ్చర్యం కలిగిస్తుంది.

దీని దగ్గర చాలామంది పొరబడతారు. బటూమి ఉన్న ఈ అజారా ప్రాంతంలో జపాన్ సీడార్, అంటే క్రిప్టోమేరియా, ఎక్కడ చూసినా నాటి ఉంటుంది. దాని బెరడూ ఎర్రగా, నారలు నారలుగానే ఉంటుంది. దూరం నుంచి రెండూ ఒకటే. తేడా తెలియాలంటే కింది కొమ్మ ఆకు చూడాలి. రెడ్‌వుడ్‌కి నీడన ఉన్న రెమ్మల మీద ఆకులు బల్లపరుపుగా, దువ్వెన పళ్లలా రెండు వరసల్లో ఉంటాయి. వెనక్కి తిప్పితే రెండు తెల్లటి చారలు కనిపిస్తాయి. క్రిప్టోమేరియా ఆకులు రెమ్మ చుట్టూ మెలికగా, లోపలికి వంగిన దబ్బనం ముక్కల్లా ఉంటాయి. కాయ చూసినా తెలిసిపోతుంది. క్రిప్టోమేరియా కాయ పొలుసులకు చిన్న ముళ్లుంటాయి. రెడ్‌వుడ్ కాయ రేగుపండంత, నున్నగా ముడుచుకుని ఉంటుంది. అంత పెద్ద చెట్టుకి అంత చిన్న కాయా అనిపిస్తుంది. కాయ అంటున్నాం గానీ శాస్త్రం ప్రకారం అవి శంకువులే.

ఇంకో తికమక కూడా ఉంది. చెట్టు చిటారు కొమ్మ గాలికి విరిగి కింద పడితే దాని మీద ఆకులు దువ్వెనలా ఉండవు, పొలుసుల్లా రెమ్మకు అతుక్కుని ఉంటాయి. అది వేరే చెట్టుది అనుకోకండి. పైన ఎండా గాలీ ఎక్కువ, నీరు అంత ఎత్తుకు ఎక్కడం కష్టం, అందుకని పై ఆకు చిన్నదై దగ్గరకు ముడుచుకుంటుంది. ఒకే చెట్టుకి రెండు రకాల ఆకులు.

ఇక బెరడు. బొటనవేలితో నెమ్మదిగా నొక్కండి. చెక్కలా గట్టిగా తగలదు, కొబ్బరి పీచు పరుపులా కొద్దిగా లోపలికి పోయి మళ్లీ పైకి వస్తుంది. ముసలి మానుల్లో ఈ పొర 30 సెంటీమీటర్ల మందం దాకా పెరుగుతుంది. అందులో జిగురు రెసిన్ దాదాపు ఉండదు, కాబట్టి అడవి అంటుకున్నా లోపలి మాను చాలాసార్లు బతికి బయటపడుతుంది. నొక్కి చూడండి, పీకవద్దు. వచ్చినవాళ్లంతా ఒక్కో పీచు పీకితే మనిషి ఎత్తు దాకా మాను బోడిదైపోతుంది. మొదలు దగ్గర చూస్తే పిల్ల మొక్కలు గుంపుగా లేస్తుంటాయి. శంకుధారి చెట్లలో నరికినా వేరు మొదట్లోంచి మళ్లీ చిగురించే గుణం చాలా అరుదు, రెడ్‌వుడ్‌కి అది పుష్కలం.

కాలిఫోర్నియాలో వేసవి అంతా వాన ఉండదు. అక్కడి రెడ్‌వుడ్ సముద్రం మీంచి వచ్చే పొగమంచు తాగి బతుకుతుంది. ఆకులే నేరుగా తడి పీల్చుకుంటాయి. ఇక్కడ వేసవిలోనూ వాన పడుతుంది కాబట్టి ఆ అవసరం తీరిపోయింది. దీని పెద్దన్న జెయింట్ సెక్వోయాకి మాత్రం ఇలాంటి చోటు అంతగా సరిపడదు. అది కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా కొండల్లో, మంచు పడే ఎత్తుల్లో పెరిగే చెట్టు. వెచ్చదనమూ తేమా కలిసిన పల్లపు నేలల్లో శిలీంధ్రపు తెగుళ్లు దాన్ని పట్టుకుంటాయి. సెక్వోయా అనే బోర్డు చూడగానే రెండూ ఒకటే అనుకోకండి. పెద్దన్న కాయ కోడిగుడ్డంత ఉంటుంది, ఆకులన్నీ సూదిమొన పొలుసులే, దువ్వెన వరస ఎక్కడా కనిపించదు.

మాగ్నోలియా గ్రాండిఫ్లోరా దగ్గర తెలుగువాళ్లు ఇంకాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇది మన సంపెంగకు సొంత చుట్టం. సంపెంగను ఒకప్పుడు మైకేలియా అనేవారు, ఇప్పుడు మాగ్నోలియా ప్రజాతిలోనే (దగ్గరి జాతుల గుంపు) కలిపేశారు. సంపెంగ పువ్వు ఆకు మొదట్లో పూస్తుంది, ఇది కొమ్మ చివర పూస్తుంది. సంపెంగ రేకులు సన్నగా పొడుగ్గా ఉంటాయి, దీని రేకులు గరిటెల్లా వెడల్పు. పువ్వు విచ్చుకుంటే అన్నం కంచమంత, 20 నుంచి 30 సెంటీమీటర్లు. వాసన సంపెంగంత ఘాటుగా ఉండదు, నిమ్మతొక్క కలిసిన తీపి వాసన. ఆకు పైన నూనె రాసినట్టు మెరుస్తుంది, వెనక తుప్పురంగు నూగు. ఆ నూగు మీద వేలు రాస్తే మెత్తటి తోలులా తగులుతుంది.

పువ్వును ముట్టుకోవద్దు. ఇది తోట నియమం కోసం చెప్పే మాట కాదు. రేకు మీద వేలు నొక్కితే కొద్దిసేపటికి ఆ చోట గోధుమరంగు మచ్చ తేలుతుంది, ఇక పోదు. ముట్టుకోకుండానే పువ్వు వయసు చెప్పొచ్చు. మధ్యలో కోలలాంటి భాగం చుట్టూ కేసరాలు ఇంకా దగ్గరగా అంటుకుని ఉంటే అప్పుడే విచ్చిన పువ్వు, ఆడదశలో ఉందన్నమాట. కేసరాలు అగ్గిపుల్లల్లా రాలి రేకుల దొప్పలో పడి ఉంటే అది మగదశ దాటిన పువ్వు. తన పుప్పొడి తన మీదే పడకుండా ఈ ఏర్పాటు. పరాగం మోసేవి ప్రధానంగా పెంకు పురుగులు. శరదృతువులో కాయ పగిలి ఎర్రటి గింజలు సన్నని దారాలకు వేలాడతాయి. సంపెంగ కాయ పగలడం చూసినవాళ్లకు ఈ చుట్టరికం అక్కడే పూర్తిగా అర్థమవుతుంది.

అదే కుటుంబంలో మరో చెట్టు తులిప్ ట్రీ, అంటే లిరియోడెండ్రాన్ తులిపిఫెరా. ఆకు కొసను కత్తెరతో అడ్డంగా కత్తిరించినట్టుంటుంది, అలాంటి ఆకు చుట్టుపక్కల వేరే దేనికీ ఉండదు. మే నెలలో పసుపుపచ్చ పువ్వులు, అడుగున నారింజ పట్టీ. చిక్కేమిటంటే అవి చాలా ఎత్తున పూస్తాయి, పైగా ఆకు రంగులో కలిసిపోతాయి. బైనాక్యులర్ లేకపోతే కింద రాలిన రేకులే గతి.

బాల్డ్ సైప్రస్, అంటే టాక్సోడియం డిస్టికమ్. బాల్డ్ అంటే బోడి. సూదాకుల చెట్టు అయినా చలికాలంలో ఆకంతా రాల్చి బోడిగా నిలబడుతుంది కాబట్టి ఆ పేరు. లూయిసియానా, ఫ్లోరిడా చిత్తడి నేలల చెట్టు. కోస్తావాళ్లకు దూరం నుంచి సరుగుడు గుర్తొస్తుంది. కింద రాలింది చూస్తే ఆకు విడిగా కాకుండా చిన్న రెమ్మ మొత్తం ఈకలా ఊడి పడి ఉంటుంది. నీరు నిలిచే చోట్ల ఈ చెట్టు వేళ్లు నేలలోంచి మోకాళ్లలా పైకి లేస్తాయి. కోరింగ మడ అడవుల్లో శ్వాసవేళ్లు చూసినవాళ్లు ఇవీ ఊపిరి కోసమే అంటారు. కానీ మడ చెట్ల విషయంలో రుజువైనంత గట్టిగా ఈ సంగతి సైప్రస్ విషయంలో రుజువు కాలేదు. మెత్తటి బురదలో చెట్టు పడిపోకుండా ఆసరాగా ఉంటాయన్న వాదన కూడా ఉంది. వాలు మీద నీరు జారిపోయే చోట నాటిన చెట్టుకి మోకాళ్లు సరిగ్గా రావు. చూడాలనుకుంటే పల్లంలో, తడి నిలిచిన చోట వెతకండి.

ఇక్కడే ఇంకో పరీక్ష చేయాలి. చైనా చెట్టు మెటాసెక్వోయా అచ్చం దీనిలాగే ఉంటుంది, అదీ ఆకు రాల్చేదే. రెమ్మ పట్టుకుని చిన్న ఆకులు ఎలా పుట్టాయో చూడండి. ఎదురెదురుగా జంటగా ఉంటే చైనాది, ఒకటి ఇటు ఒకటి అటు మారుతూ ఉంటే అమెరికాది. ఈ ఒక్క చూపు చాలు, పొరపాటు రాదు.

స్వీట్‌గమ్‌ది కూడా ఇలాంటి తంతే. అయిదు మొనల నక్షత్రం ఆకు చూసి అందరూ మేపుల్ అంటారు. మేపుల్ ఆకులు కొమ్మ మీద జంటగా వస్తాయి, స్వీట్‌గమ్‌వి ఒక్కొక్కటిగా. ఆకు నలిపితే సాంబ్రాణి లాంటి రెసిన్ వాసన. గుండ్రటి ముళ్ల కాయలు కింద పరుచుకుని ఉంటాయి. అట్లాంటాలో, షార్లెట్‌లో ఉండే మనవాళ్లకు వాటి సంగతి చెప్పక్కర్లేదు, పెరట్లో చెప్పుల్లేకుండా తిరగనివ్వవు. మూడు మొనలే ఉంటే అది ఆసియా స్వీట్‌గమ్.

పైన్ చెట్ల దగ్గర ఒకటే పని. రాలిన సూదుల కట్టను తీసి లెక్కపెట్టండి. పొడుగాటి సూదులు మూడేసి ఉంటే లాబ్లాలీ లాంటి దక్షిణాది పైన్, సన్నగా మెత్తగా అయిదేసి ఉంటే తెల్ల పైన్ వర్గం. లాసన్ సైప్రస్, మాంటెరే సైప్రస్ రెండూ పొలుసాకులవే. మాంటెరే ఆకు నలిపితే నిమ్మవాసన. లాసన్ చిటారు కొన వేలాడుతూ ఉంటుంది.

ఈ విభాగానికి అసలు బలం తూర్పు ఆసియా విభాగంతో కలిపి చూసినప్పుడే తెలుస్తుంది. తులిప్ చెట్టు ప్రజాతిలో ప్రపంచం మొత్తం మీద ఉన్నవి రెండే జాతులు, ఒకటి తూర్పు అమెరికాలో, ఒకటి చైనా ప్రాంతంలో. మాగ్నోలియాలు, స్వీట్‌గమ్‌లు కూడా ఇలాగే రెండు వైపులా ఉంటాయి, మధ్యలో మహాసముద్రం. అమెరికన్ వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రే 19వ శతాబ్దంలో ఈ పోలికల మీద ఎంతో రాశాడు. ఒకప్పుడు ఉత్తరార్ధగోళం అంతా పరుచుకున్న అడవి వాతావరణం చల్లబడ్డాక ముక్కలై ఇలా మిగిలింది. అది పుస్తకంలో చదివితే ఒక పేరా. ఇక్కడ రెండు ఆకులు చూసుకుంటూ ఒక దారి నుంచి ఇంకో దారికి నడిస్తే కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఒక్క సలహా: అమెరికా ముందు చూడండి, ఆసియా తర్వాత. ఆసియా విభాగంలో పోలికలు ఎక్కువ, అక్కడ మొదలుపెడితే తికమకపడతారు.

ఎప్పుడు వెళ్లాలన్నది చాలా ముఖ్యం. బటూమిలో వాన కాస్త తెరిపి ఇచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. మే చివరి నుంచి జూన్ మధ్య దాకా వెళితే తులిప్ చెట్టు పూత చివర, మాగ్నోలియా పూత మొదలు రెండూ దొరుకుతాయి. మా లెక్కలో అదే మేలైన కాలం. ఆకు రంగుల కోసమైతే నవంబరు. బాల్డ్ సైప్రస్ ఇటుకరంగుకు తిరుగుతుంది, స్వీట్‌గమ్ ఒకే చెట్టు మీద పసుపు, ఎరుపు, ఊదా చూపిస్తుంది. కానీ సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా వాన కుండపోతే. గొడుగు సరిపోదు, రెయిన్‌కోటు కావాలి.

రంగుల విషయంలో ఆశలు అదుపులో పెట్టుకోండి. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రపు ఫొటోలు చూసి కొండంతా మంటలా ఉంటుందనుకుని వస్తే నిరాశే. చురుకైన ఎరుపు రావాలంటే పగలు మంచి ఎండ, రాత్రి గట్టి చలి కావాలి. సముద్రం పక్కన రాత్రి అంత చల్లబడదు, మబ్బు ఎక్కువ. రంగు ఆలస్యంగా, అక్కడక్కడ చెట్టుకో తీరుగా వస్తుంది. అలాగే ఉత్తర అమెరికా అని పేరున్నా ఇక్కడ బాగా కనిపించేది తడి అమెరికా మాత్రమే. అరిజోనా, నెవాడా లాంటి పొడి ప్రాంతాల చెట్లు ఈ వానకు వేరు కుళ్లి పోతాయి. ఆ లోటు తోట తప్పు కాదు, కానీ వచ్చేవాళ్లకు తెలిసి ఉండాలి.

కాళ్లకు పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. ఎర్రమట్టి తడిస్తే సబ్బులా జారుతుంది, దాని మీద మాగ్నోలియా ఎండుటాకులు పడి ఉంటే ఇంకా ప్రమాదం. ఆ ఆకు తోలులా మందం, త్వరగా కుళ్లదు, ఒకదాని మీద ఒకటి పలకల్లా జారతాయి. దిగేటప్పుడు పక్కకు తిరిగి అడుగేయండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళితే ఎక్కడం బండి మీద, దిగడం మెల్లగా నడకన పెట్టుకోవడం కన్నా, ఎక్కడం నడకన పెట్టుకుని దిగడానికి బండి ఎక్కడమే మంచిది. మోకాలికి దెబ్బ దిగుడులోనే. బండి దొరికేదీ లేనిదీ టికెట్ కొనేటప్పుడే కనుక్కోండి. మంచినీళ్లు లీటరు, తినడానికి ఏదైనా సంచిలో ఉండాలి.

బటూమిలో, తిబిలిసిలో వైద్యం చదివే మన పిల్లలు చాలామంది ఉన్నారు. తిబిలిసి నుంచి రైల్లో సుమారు అయిదు గంటలు, బటూమి సెంట్రల్ స్టేషన్ నగరానికి ఉత్తరాన, అంటే తోట వైపే ఉంటుంది. రైలు దిగి నగరంలోకి పోయి మళ్లీ వెనక్కి రావడం కన్నా సామాను తక్కువైతే నేరుగా తోటకు వెళ్లడం లాభం.

చెట్టు ఎత్తు, లావు కొలవాలని ఉంటే దర్జీ టేపు ఒకటి, ఒక కర్ర చాలు. లావు నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో కొలవాలి. వాలు మీద ఆ ఎత్తును ఎగువ వైపు నుంచి లెక్కపెట్టాలి, లేకపోతే వేరు ఉబ్బు కొలతలోకి వచ్చేసి చెట్టు ఉన్నదానికన్నా లావుగా తేలుతుంది. బాల్డ్ సైప్రస్‌కి మొదలు బాగా ఉబ్బి ఉంటుంది కాబట్టి ఉబ్బు అయిపోయిన చోటికి పైకి వెళ్లి కొలిచి, ఎంత ఎత్తులో కొలిచారో పక్కన రాయాలి. చుట్టుకొలతను 3.14తో భాగిస్తే వ్యాసం. ఎత్తుకు, చాచిన చేతిలో కన్ను నుంచి పిడికిలి దాకా ఎంత దూరమో పిడికిలి పైన అంతే పొడుగు కర్ర నిలువుగా పట్టుకోండి. పిడికిలి చెట్టు మొదలుకు, కర్ర కొస చెట్టు కొసకు సరిపోయే దాకా వెనక్కి నడవండి. అక్కడి నుంచి చెట్టు దాకా ఉన్న దూరమే ఎత్తు. ఈ తోటలో ఇది తప్పేది ఎక్కడంటే, వాలుకు అడ్డంగా కాకుండా కిందికి దిగుతూ వెనక్కి నడిచినప్పుడు. చెట్టు మొదలు మీ కంటికన్నా పైకి పోతుంది, లెక్క చెడుతుంది. కొండ అడ్డదారి వెంట, చెట్టుతో సమానమైన మట్టంలో నడిచి నిలబడండి.

రాలిన కాయలు, గింజలు జేబులో వేసుకుని ఇంటికి తేవాలనిపిస్తుంది, ముఖ్యంగా మాగ్నోలియా ఎర్ర గింజలు. తేవద్దు. విదేశీ గింజలు భారత్‌లోకి తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, ఆ దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే తెగుళ్లు లేవన్న ధ్రువపత్రం, ఉండాలి. ఒక గింజతో పాటు కంటికి కనపడని తెగులు కూడా ప్రయాణిస్తుంది. జార్జియాకే అమెరికా నుంచి చేరిన ఫాల్ వెబ్‌వర్మ్ అనే గొంగళిపురుగు చెట్ల కొమ్మలకు గూళ్లు అల్లి ఆకంతా తినేస్తుంది. వేసవి చివర దారి పక్క చెట్ల కొమ్మల కొసల్లో బూజులాంటి తెల్లటి సంచి కనిపిస్తే చూడండి, అది దానిదే కావచ్చు.